తోక వంకర ఎక్కడిది?

“ఏం బ్రీడ్ సార్ ఇది?”

భానూర్‌లో మా పొట్టిని వెంటబెట్టుకుని చాయ్ హోటల్ దాకా నడిస్తే దారిలో కనీసం ఇద్దరు ఈ మాట అడుగుతారు. డ్యూటీ దిగి వస్తున్నవాళ్ళు బండి ఆపి మరీ అడుగుతారు. “మొకం జూస్తే అల్సేషన్ లెక్కుంది, కాళ్లు జూస్తే బాతు లెక్కున్నయ్, తోక జూస్తే మన ఊరకుక్కనే. ఏందన్నా ఇది?” అని ఒకతను నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. చాలాకాలం నేను ఏదో ఒక జవాబు చెబుతూ వచ్చాను. ఒకరికి డాష్‌హండ్ క్రాస్ అన్నాను. మరొకరికి షెపర్డ్ క్రాస్ అన్నాను. ఏది చెప్పినా అడిగినవాళ్ళ ముఖంలో తెలిసిపోయిందన్న తృప్తి కనిపించేది. ఆ తర్వాత వాళ్ళు కుక్క వంక చూసేవాళ్ళు కాదు. బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ తృప్తిని కొన్నాళ్ళు వాయిదా వేసుకోమని అడగడానికే ఈ అధ్యాయం రాస్తున్నాను. ఇంట్లో కుక్క లేకపోయినా ఫరవాలేదు. మీకు అర్థంకాని పిల్లవాడో, కొత్త కోడలో, పక్క మెషీన్ మీద పనిచేసే కుర్రాడో ఉంటే చాలు. నేను మాత్రం కుక్క గురించే చెబుతాను. నేర్చుకున్నది దాని దగ్గర కాబట్టి.

పొట్టి మాకు దొరికింది ఒక వానాకాలంలో, కొత్తగా లేస్తున్న షెడ్డు పక్కన పడేసిన సిమెంటు పైపులో. అప్పటికి దానికి నాలుగు నెలలు దాటి ఉంటాయని పశువైద్యుడు పళ్ళు చూసి చెప్పాడు. పొడుగాటి ఒళ్ళు, జానెడు కాళ్ళు, నిక్కబొడుచుకున్న ఒక చెవి, మడత పడిన ఇంకో చెవి, వీపు మీద చుట్ట చుట్టుకుని కూర్చున్న తోక. మేము పొట్టి అని పిలుస్తాం. వెనక లైను గదుల్లో ఉండే బీహార్ కుర్రాళ్ళకు అది షేరా. ఒడిశా కుటుంబం ఒకటి వాళ్ళ భాషలో ఇంకేదో పేరు పెట్టుకుంది. మూడు పేర్లకూ వస్తుంది. కానీ ఒక్కో పేరుకు ఒక్కో నడకతో వస్తుంది.

మొదట్లో నేనూ జాతి కోసమే వెతికాను. మూతిని బట్టి, కాళ్ళని బట్టి పుస్తకాలు తిరగేశాను. తీరా తెలిసిందేమంటే, రోజూ కుక్కల మధ్య పనిచేసేవాళ్ళకు కూడా ఆ చూపు లేదు. విక్టోరియా వోయ్త్ అనే అమెరికన్ పశువైద్యురాలు ఇరవై సంకర జాతి కుక్కల వీడియోలను ఆ రంగంలో ఉన్న 900 మందికి పైగా చూపించి ఏ జాతో చెప్పమంది. ఆ ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. ఇరవైలో ఏడు కుక్కల విషయంలోనే సగానికి మించిన మంది ఒక మాట మీద నిలబడ్డారు. ఆ ఏడింటిలోనూ మూడింటికి, అందరూ ఒప్పుకున్న జాతి డీఎన్ఏ పరీక్షలో అసలు కనబడనేలేదు. నమ్మకంగా చెప్పడానికీ సరిగ్గా చెప్పడానికీ మధ్య ఎంత దూరముందో నాకు ఈ లెక్కతో తెలిసింది.

పొట్టి కాళ్ళ సంగతీ అంతే. డాష్‌హండ్ వంటి కురచ కాళ్ళ జాతులన్నిటిలో ఎముకల ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు అదనపు నకలు ఉంటుందని 2009లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఆ నకలు వెనకటి తరాల్లో ఎవరి నుంచో మా పొట్టికి అంది ఉండవచ్చు. అది కాళ్ళను కురచ చేస్తుంది. పొట్టి రొట్టెను ఇసుకలో ఎందుకు పాతిపెడుతుందో అది చెప్పలేదు. ఊరకుక్కల్లో ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు వేరువేరు తండ్రులు ఉండవచ్చు కూడా. కాబట్టి దాని తోడబుట్టినవాటిని చూసి దీన్ని అంచనా వేయబోయినా తప్పే.

మరి గుణం? “అల్సేషన్ రక్తముంది, కాపలాకు పనికొస్తది” అని మా వీధిలో ఒక పెద్దాయన ధీమాగా చెప్పాడు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ఈ ధీమాను కదిలిస్తుంది. 18,385 కుక్కల గురించి యజమానులను ప్రశ్నలడిగి, 2,155 కుక్కల జన్యువులను చదివి వాళ్ళు తేల్చిందేమంటే, కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో ఉండే తేడాలో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమే. చెప్పిన మాట వినడం వంటి కొన్ని గుణాల్లో జాతి ప్రభావం కాస్త ఎక్కువ. ఎంత తొందరగా కోపం వస్తుందన్న దాంట్లో మాత్రం జాతి దాదాపు ఏమీ చెప్పదు. మిగిలిన తేడాకు జాతిపేరు జవాబు కాదు. పుట్టిన చోటు, తిన్నది, భయపడ్డది, ఎవరు కొట్టారు, ఎవరు పెట్టారు, ఇంకా మనకు తెలియనివి ఎన్నో అందులో ఉంటాయి. మా ఊరు ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 అక్టోబర్ 11 నుంచి సంగారెడ్డి జిల్లా. బోర్డు మీద పేరు మారినంత మాత్రాన ఊళ్ళో మనుషులు మారారా?

ధర్మరాజు వెంట స్వర్గం గుమ్మం దాకా నడిచిన కుక్కది ఏ జాతో మన పెద్దలెవరూ అడగలేదు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు అదొక ఊరటగా ఉంటుంది.

నోటుబుక్కు

ఇక మీరు చేయవలసిన పని. ఒక 200 పేజీల పొడుగు నోటుబుక్కు కొనండి. పేజీకి నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో ఏం చేసిందో రాయండి. రెండో దాంట్లో దానికి ముందు ఏం జరిగిందో, మూడో దాంట్లో అప్పుడు మీరేం చేశారో రాయండి. నాలుగో గడికి “ఎందుకు” అని పేరు పెట్టి, రెండు వారాల పాటు అందులో కలం పెట్టకండి. ఇదే కష్టమైన భాగం. చేయి ఊరికే ఆ గడి వైపు పోతుంది.

ఇంకో నియమం. విశేషణాలు రాయకూడదు. మొండిది, పొగరుది, పిరికిది, తిక్కది, ఇవేవీ నోటుబుక్కులోకి రాకూడదు. “పొట్టి మొండిగా నీళ్ళు తాగలేదు” అని రాస్తే ఆ పేజీ వృథా. “గిన్నె ముందు నిలబడింది. ముందుకాలితో అంచును రెండుసార్లు తట్టింది. నీళ్ళు కదిలాక తాగింది” అని రాస్తే అది ఎప్పటికైనా పనికొస్తుంది. నేను మొదటివారం రాసిన పేజీలు ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. సగం దాని గురించి కాదు, నా చిరాకు గురించి.

రెండు వారాలయ్యేసరికి నా పుస్తకంలో చేరినవి ఇవి. నీళ్ళ గిన్నెను తట్టి, కదిలాకే తాగుతుంది. అన్నం పెడితే అక్కడే తింటుంది, రొట్టె పెడితే నోట కరుచుకుని పోయి ఇసుక కుప్పలో పాతి వస్తుంది. మనిషి దగ్గర కూర్చోవాలంటే ముఖం చూస్తూ కూర్చోదు. వీపు మన కాలికి ఆనించి, ముఖం వీధి వైపు పెట్టి కూర్చుంటుంది. ఎండాకాలంలో జామచెట్టు మొదట్లో గుంట తవ్వి అందులో ఒదిగి పడుకుంటుంది. శంకర్‌పల్లి వైపు పోయే రైలు కూత పెట్టినా, ఎటునుంచో ఫ్యాక్టరీ సైరన్ వినిపించినా గొంతెత్తి అందుకుంటుంది. రైలుకు ఒక రాగం, సైరన్‌కు ఇంకో రాగం. హెల్మెట్ పెట్టుకుని బండి మీద వచ్చేవాళ్ళ మీదికి మాత్రం పళ్ళు బయటపెట్టి ఉరుకుతుంది. అదే మనిషి హెల్మెట్ తీస్తే తోక ఊపుతుంది. ఫ్యాక్టరీల్లో పెట్టుకునే పసుపుపచ్చ టోపీలంటే దానికి ఏ పట్టింపూ లేదు.

ఇంతకుముందు ఇవన్నీ నాకు ఒకే మాటలో ఇమిడిపోయేవి. “తిక్క కుక్క.” కాగితం మీద విడివిడిగా పెట్టాక తెలిసింది, ఇవి ఒక జాతివి కావని. కొన్ని దాని సంతోషాలు. కొన్ని ఒంటికి హాయి కోసం చేసుకున్న ఏర్పాట్లు. ఒకటి మాత్రం భయం.

గుంట సంగతే తీసుకోండి. మా ఆవిడ మొక్కలు పాడవుతున్నాయని కర్ర పట్టుకునేది. కోస్తా జిల్లాల్లో జోనంగి అని మన తెలుగు నేల కుక్క ఒకటుంది. కొల్లేరు చుట్టుపక్కల, గోదావరి జిల్లాల్లో ఉండేది, బాతుల మందలను కాసేది. అది మామూలుగా మొరగదు, ఒక రకంగా రాగం తీస్తుంది. నేలలో గుంట తవ్వుకుని పడుకోవడం దానికి పేరున్న అలవాటు. మా పొట్టిలో జోనంగి ఉందని చెప్పడానికి ఈ ముక్క రాయడం లేదు. ఆ పొరపాటే చేయొద్దని కదా ఇంతసేపు చెప్పింది. గుంట తవ్వడం తిక్క కాదని చెప్పడానికి రాశాను. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పి, చల్లటి నేలను ఆనుకుని ఒళ్ళు చల్లార్చుకుంటుంది. మే నెలలో పైమట్టి కాలిపోతుంటే అడుగుమట్టి చల్లగా ఉంటుంది, అంతే. ఒక మూల నీడన కాస్త ఇసుక పోసి, తడిపిన గోనెసంచి వేశాం. నాలుగు రోజుల్లో జామచెట్టును వదిలేసింది. కర్ర ఎనిమిది నెలలు చేయలేని పని గోనెసంచి చేసింది.

రైలుకూ సైరన్‌కూ గొంతు కలపడాన్ని మేము అసలు ముట్టుకోలేదు. సాగే శబ్దం వింటే కుక్క అందుకోవడం తోడేళ్ళ నాటి నుంచి వస్తున్నది. తెల్లవారుజామున పాలు తెచ్చే ఆమె “మీ పొట్టి ఒర్రితె నేను టైము జూసుకుంట” అంటుంది. దాన్ని మార్చి ఎవరికి లాభం?

ఏది మార్చాలి?

మార్చాల్సింది ఏదో తేల్చుకోవడానికి నాకు ఒకే ప్రశ్న పనికొచ్చింది. దీనివల్ల ఎవరికి దెబ్బ తగులుతుంది? నాకు విసుగు పుట్టించడం దెబ్బ కాదు. చుట్టాల ముందు పరువు పోవడం దెబ్బ కాదు. రాత్రిపూట సెకండ్ షిఫ్టు దిగి వచ్చే మనిషి బండికి కుక్క అడ్డం ఉరికితే అతను పడతాడు. అది దెబ్బ. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడికి నాలుగేళ్ళ పసివాడు చనిపోయినప్పుడు మా వీధిలో కూడా తల్లులు పిల్లలను బయటికి పంపడానికి భయపడ్డారు. ఆ భయాన్ని కుక్కను ప్రేమించేవాళ్ళు చిన్నచూపు చూడకూడదు. మన కుక్క మనకు ముద్దు. చీకట్లో ఎదురైనవాళ్ళకు అది పళ్ళున్న జంతువు.

అందుకే మొదట చేయాల్సినవి చేశాం. రేబిస్ టీకా, ఏటేటా మళ్ళీ వేయించడం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, వీధిలోకి తీసుకెళ్తే మెడకు తాడు. ఎప్పుడైనా ఏ కుక్కయినా కరిస్తే, ఇంట్లో కుక్కయినా సరే, గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి, చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ పూర్తి చేయాలి. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు ఇంకో మందు కూడా గాయంలోనే వేయాల్సి ఉంటుంది, అడిగి వేయించుకోండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. దీన్ని వాయిదా వేయకండి.

ఇప్పుడు హెల్మెట్ భయం. నాలుగో గడిలో నేను మొట్టమొదట కలం పెట్టింది దాని గురించే. అమెరికాలో బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఏళ్ళ తరబడి కుక్కపిల్లలను గమనించి 1965లో పుస్తకం వేశారు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఒక వాకిలి తెరిచి ఉంటుందని వాళ్ళు చూపించారు. ఆ వారాల్లో ఏది చూస్తే అది మామూలైపోతుంది. చూడనిది తర్వాత వింతగా, భయంగా మిగులుతుంది. పొట్టికి ఆ వారాలు సిమెంటు పైపులో గడిచాయి. పసుపుపచ్చ టోపీల కూలీలు చుట్టూ తిరిగేవాళ్ళు, అన్నం పెట్టేవాళ్ళు. ముఖం మొత్తం మూసుకుపోయే నల్ల హెల్మెట్ బండి చప్పుడుతో వచ్చేది. దాని మీద నుంచి ఎవరైనా రాయి విసిరారో, కాలితో తన్నారో నాకు తెలియదు. అక్కరలేదు కూడా. భయానికి మూలం తెలియకపోయినా భయం దూరాన్ని కొలవవచ్చు.

నేను మొదట చేసింది తప్పు. భయం పోవాలంటే ఎదురుగా నిలబెట్టాలనుకుని, హెల్మెట్ పెట్టుకుని మెడపట్టి దగ్గరికి లాక్కున్నాను. పొట్టి అక్కడే మూత్రం పోసుకుంది. ఆ తర్వాత పది రోజులు హెల్మెట్ లేకపోయినా నా దగ్గరికి రాలేదు. ఆ పది రోజుల పేజీలు ఉంచుకున్నాను.

పదకొండో రోజు హెల్మెట్‌ను వాకిట్లో నేల మీద బోర్లించి, దానికి పదిహేను అడుగుల దూరంలో ఉడికించిన గుడ్డు ముక్కలు వేశాను. తింటూ ఉంటే ఆ దూరం ఫరవాలేదన్నట్టు. తినడం ఆపి చెవులు వెనక్కి వాల్చితే మనం తొందరపడ్డామన్నట్టు. రోజుకు అయిదు నిమిషాలు, అంతకు మించి లేదు. తిన్న రోజు మర్నాడు అడుగు దగ్గరికి, తినని రోజు మర్నాడు రెండడుగులు వెనక్కి. వారం తర్వాత హెల్మెట్ నా చేతిలోకి వచ్చింది. తర్వాత ఒళ్ళోకి. తర్వాత అద్దం పైకెత్తి తల మీదికి. చివరికి అద్దం దించి. ఆ తర్వాత బండి స్టార్ట్ చేసిన చప్పుడుతో మళ్ళీ మొదటి నుంచి. మొత్తం అయిదు వారాలు పట్టింది. ఆ పని నేను ఒక్కణ్ణే చేస్తే నా హెల్మెట్ భయమే పోయేది. బీహార్ కుర్రాళ్ళలో ఇద్దరు రోజూ డ్యూటీ నుంచి వస్తూ వాకిలి బయట ఆగి, హెల్మెట్‌తోనే “షేరా” అని పిలిచి దూరం నుంచి గుడ్డు ముక్క విసిరారు. ఆ పేరుకు అది వాళ్ళ నడకతోనే వెళ్ళింది.

కుక్కల భయం గురించి మన దేశంలోనే జరిగిన పని ఒకటి చెప్పాలి. కోల్‌కతాలోని ఐసర్ అనే పరిశోధన సంస్థలో అనిందిత భద్ర బృందం ఏళ్ళుగా వీధికుక్కలనే చదువుతోంది. ఏ శిక్షణా లేని వీధికుక్కలు, మనిషి దూరం నుంచి వేలు చూపిస్తే అర్థం చేసుకుంటాయా అని వాళ్ళు చూశారు. దగ్గరికి వచ్చిన కుక్కల్లో సుమారు 80 శాతం చూపించిన గిన్నె వైపే వెళ్ళాయి. కానీ దాదాపు సగం కుక్కలు అసలు దగ్గరికే రాలేదు. వాటిని తెలివి లేనివని ఆ పరిశోధకులు లెక్క కట్టలేదు. భయంతో ఉన్నవని గమనించారు. మనం బడిలో, ఫ్యాక్టరీలో, ఇంట్లో ఎంతమందిని “రాదు” అని కొట్టేశామో, వాళ్ళలో ఎంతమంది దగ్గరికి రాలేక ఆగిపోయారో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆగిపోయిన పాట

ఒక సెప్టెంబర్‌లో పొట్టి రైలుకు గొంతు కలపడం మానేసింది. నేను నోటుబుక్కులో సంతోషంగా రాసుకున్నాను, “పెద్దదైంది, నెమ్మదించింది” అని. విశేషణాలు రాయకూడదన్న నా నియమాన్ని నేనే తప్పిన రోజు అది. మూడో రోజు సైరన్‌కు కూడా లేవలేదు. రొట్టె ముందు పెడితే ఇసుకకుప్ప దాకా పోకుండా అక్కడే వదిలేసింది. మా ఆవిడ పాత పేజీలు తిప్పి, “ఇది ఇట్లెప్పుడన్న చేసిందా జూడు. ఒక్క పేజీల గూడ లేదు” అంది. దవడ ఎత్తి చూస్తే చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి, ఒకచోట రక్తపు చుక్కలు.

గోమారి జ్వరం. గోమార్ల వల్ల వచ్చే ఈ జబ్బులో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కుక్క ఒళ్ళు మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉంటుంది, పొట్టికి 104.5 ఉంది. రక్తపరీక్ష చేసి, నాలుగు వారాల మందులు రాశారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే రక్తం ఎక్కించాల్సి వచ్చేదని డాక్టర్ అన్నాడు. నేను గుణం అనుకున్నది జబ్బు. దాని వింత అలవాట్లు మాకు తెలియకపోయి ఉంటే, అవి ఆగిపోవడం కూడా మాకు తెలిసేది కాదు.

కాబట్టి ఏదైనా అలవాటు ఉన్నట్టుండి మొదలైనా, ఉన్నట్టుండి ఆగినా ముందు ఒంటిని చూడండి. చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయా? చెవుల మడతల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లున్నాయా? తిండి ఎంత మిగిలింది? ఇవి చూశాకే గుణం మాట ఎత్తండి. మనుషుల విషయంలోనూ ఇదే వరుస. ఉన్నట్టుండి మౌనమైపోయిన తండ్రికి చెవులు వినిపించడం తగ్గిందేమో. చదువులో వెనకబడిన పిల్లకు బోర్డు కనబడటం లేదేమో.

చూడటం గురించి ఇంత చెప్పాక ఒక బాధ కూడా చెప్పాలి. 1957 నవంబర్ 3న అంతరిక్షంలోకి వెళ్ళిన లైకా మాస్కో వీధుల్లో పట్టుకొచ్చిన సంకర జాతి కుక్క. చలికీ ఆకలికీ ఓర్చుకుంటాయని వీధికుక్కలనే ఎంచుకున్నారు. వాటిలోనూ నెమ్మదైన గుణం ఉన్నదని లైకాను ఎంచారు. దాని జాతిని చూడలేదు, దాన్నే చూశారు, చాలా శ్రద్ధగా చూశారు. తిరిగి వచ్చే ఏర్పాటు లేని నౌకలో కూర్చోబెట్టారు. కొన్ని గంటల్లోనే వేడికి చనిపోయింది. క్షిపణులు తయారయ్యే భారత్ డైనమిక్స్ ప్రహరీ పక్కన, మా ఊళ్ళో, సాయంత్రం పొట్టితో నడుస్తుంటే నాకు లైకా గుర్తొస్తుంది. ఒక ప్రాణిని శ్రద్ధగా గమనించడం దాని కోసమా, మన పని కోసమా అని నోటుబుక్కు తెరిచే ప్రతిసారీ ప్రశ్నించుకోవాలి. కాపలా కుక్కను చేద్దామని మొదలుపెట్టి ఉంటే పొట్టి భయాన్ని నేను పోగొట్టేవాణ్ణి కాదు. పెంచేవాణ్ణి.

ఇక తోక. మనకు ఒక సామెత ఉంది, కుక్క తోక వంకర అని. మారని బుద్ధికి అదే ఉపమానం. ఎంతమంది పిల్లలను ఈ మాటతో కొట్టామో లెక్క లేదు. సైబీరియాలో నోవోసిబిర్స్క్ దగ్గర 1959లో ద్మిత్రి బెల్యాయెవ్ అనే శాస్త్రజ్ఞుడు నక్కలతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. మనిషిని చూసి బెదరకుండా దగ్గరికి వచ్చే నక్కలనే తరం తర్వాత తరం ఎంచి పెంచాడు. రంగు చూడలేదు, చెవులు చూడలేదు, తోక చూడలేదు. ఎనిమిది పది తరాలయ్యేసరికి ఒంటి మీద తెల్లమచ్చలు, ఆ పైన వేలాడే చెవులు, చుట్ట తిరిగిన తోకలు కనిపించడం మొదలయ్యాయి. ఆ నక్కల పూర్వీకులు బొచ్చు కోసం పెంచిన నక్కలే కాబట్టి, మచ్చల వంటివి కొన్ని అప్పటికే వాటిలో ఉన్నాయని 2019లో కొందరు ఎత్తి చూపారు. ఆ వాదన ఇంకా నడుస్తోంది. ఎటు తేలినా, మనిషి చేతిని నాకే నక్క వెనక వంకర తోక ఊగుతున్న దృశ్యం మాత్రం నన్ను వదలదు. మనం బుద్ధికి గుర్తుగా తిట్టిన వంకర, మనల్ని నమ్మినందుకు వచ్చిన వంకరేమో.

ఆ తోకను కూడా చూడటం నేర్చుకోండి. 2007లో ఇటలీలో జార్జియో వల్లోర్తిగరా బృందం గమనించింది, కుక్క తన యజమానిని చూసినప్పుడు తోక కుడి వైపు ఎక్కువగా ఊపుతుందని, పరాయి పెద్ద కుక్క ఎదురైతే ఎడమ వైపు ఎక్కువగా ఊపుతుందని. పొట్టి తోక చుట్ట తిరిగి ఉండటంతో అది కనిపెట్టడం కష్టం. నేను మూడు నెలలు చూశాను. ఉదయం నేను తలుపు తీసినప్పుడు చుట్ట మొత్తం కుడి తుంటి మీదికి జారుతుంది. అది రాసిన పేజీ మీద తేదీ కింద గీత గీసుకున్నాను.

నోటుబుక్కు రెండో సగంలో, వెనక నుంచి మొదలుపెట్టి, మా చిన్నమ్మాయి గురించి రాశాను. ఆమెకు చెప్పలేదు. పాఠం చదువుతూ వాకిట్లో అటూ ఇటూ నడుస్తుంది. కూర్చుని చదవమని ఆరేళ్ళు పోరాను. అవే నాలుగు గడులు. ఏం చేసింది, ముందు ఏం జరిగింది, నేనేం చేశాను. మూడో గడి నిండా “అరిచాను”, “పుస్తకం లాక్కున్నాను”. రెండు వారాల తర్వాత ప్రశ్న వేసుకున్నాను, దీనివల్ల ఎవరికి దెబ్బ తగులుతోంది? వాకిట్లో లైటు పాడైంది కాబట్టి చీకట్లో నడుస్తూ మెట్టు తగిలి ఒకసారి పడింది, అంతే. కొత్త లైటు వేయించాను. ఇప్పుడు ఆమె నడుస్తుంటే వెనకే పొట్టి కూడా నడుస్తుంది, గోడ దాకా వెళ్ళి తిరిగి వస్తుంది.

నిన్నటి పేజీ ఇది. “రాత్రి రెండున్నర. శంకర్‌పల్లి వైపు రైలు కూత. పొట్టి లేచింది, తల ఎత్తింది, అరవలేదు. వాకిలి దాకా వెళ్ళి చూసి వచ్చి మళ్ళీ పడుకుంది. చిగుళ్ళు చూశాను, గులాబీ. గోమార్లు లేవు. గిన్నెలో అన్నం మిగల్లేదు. మూడున్నరకు ఇంకో రైలు. దానికి అరిచింది.” నాలుగో గడి ఖాళీగా ఉంది.